కొత్తలంక ఒరిగిన వారం

సోమవారం. ఎండగా ఉంది, గాలి లేదు.

పొద్దున మా ఆయన ప్రభుదాసు దోసెలు పోస్తూ వంటింట్లోంచి కేకేశారు. "సలోమీ, ఒకసారి వచ్చి ఈ పెనం చూడు."

వెళ్ళి చూశాను. దోసె ఒకవైపు పల్చగా, ఒకవైపు మందంగా ఉంది. వేసిన నూనెంతా పెనం తూర్పు అంచున చేరింది.

"పొయ్యి కాళ్ళు సరిగ్గా లేవేమో," అన్నాను.

"అదీ చూశాను. గట్టు మీద పెట్టాను, నేల మీద పెట్టాను. ఎక్కడ పెట్టినా నూనె తూర్పుకే పోతోంది. కొన్నాళ్ళుగా చూస్తూనే ఉన్నాను. నీ పంపులేవో నిద్రపోతున్నాయి."

పంపులు నావి కావు, లంకవి. కానీ వాటిని నడిపే ప్రోగ్రాం చదివేది నేనే కనక మా ఇంట్లో అవి నావే అయిపోయాయి.

సముద్రం పొలాల మీదికి వచ్చాక కట్టుకున్న ఊరు మా కొత్తలంక. పునాదుల మీద లేదు, నీళ్ళ మీద తేలుతుంది. మూడు పెద్ద తెప్పలు: ఇళ్ళ తెప్ప, ఆసుపత్రి తెప్ప, బజారు తెప్ప. ఒక్కో తెప్ప అడుగున నీటి తొట్లుంటాయి. ఒకవైపు బరువు పెరిగితే పంపులు ఆ వైపు నీటిని రెండో వైపుకి తోడి తెప్పని సమంగా ఉంచుతాయి. ఎంత తోడాలో ప్రోగ్రాం చెబుతుంది. ఆ ప్రోగ్రాం రాసేది లేఖరి అనే యంత్రం. మనుషులు ప్రోగ్రాములు రాయడం నా చిన్నప్పుడే మానేశారు. ఏం కావాలో చెబితే లేఖరి రాసిపెడుతుంది. అది రాసినదాన్ని చదవడానికి ఊరికొక మనిషి ఉండాలని నియమం. ఆ మనిషిని చదువరి అంటారు. లేఖరి ఒక పూటలో రాసేది నేను ఏడాదంతా కూర్చున్నా చదవలేను. ప్రాణాల మీదికి వచ్చేవి చదువుతాను, మిగతావి నమ్ముతాను. ఇదీ నా ఉద్యోగం.

టిఫిన్ తిని పంపు గదికి వెళ్ళాను. తెప్ప ఒంపు కొలిచే సెన్సర్లు మూడున్నాయి. మూడూ సున్నా చూపిస్తున్నాయి. అంటే తెప్ప బల్లపరుపుగా ఉన్నట్టు.

మా ఆయన నూనె మాత్రం ఒప్పుకోవడం లేదు.

మంగళవారం. ఉక్కపోత.

ఆసుపత్రి డాక్టర్ జుబేదా పొద్దున్నే వచ్చింది. నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అంటుంది.

"సలోమక్కా, మన రెండు తెప్పల మధ్య వంతెన దగ్గర ఏదో తేడాగా ఉంది. స్ట్రెచర్ తోసుకొస్తుంటే మీ వైపు దిగ్గానే దానంతటదే తూర్పుకి లాగేస్తోంది. నిన్న గోడకి కొట్టుకుంది."

వంతెన కింద పెద్ద ఇనుప కీలు ఉంది. రెండు తెప్పలనీ కలిపి పట్టుకునేది అదే. ఆసుపత్రికి కరెంటు, మంచినీళ్ళు, ఆక్సిజన్ ఆ కీలు మీదుగానే వెళతాయి. ఒక తెప్ప సమంగా ఉండి రెండోది ఒరిగితే ఆ కీలు మెలిపడుతుంది.

"ఆక్సిజన్ గొట్టం చుట్ట ఒకటి ఇస్తావా? సన్నది, లోపల నీళ్ళు కనపడేది."

"ఎందుకక్కా?"

"సెన్సర్ల మాట పక్కన పెట్టి నీళ్ళనే అడుగుదాం."

గొట్టం ఇచ్చింది. ప్రభుదాసు బీట్‌రూట్ ఉడకబెట్టిన నీళ్ళు అందులో నింపారు, ఎర్రగా కనపడడానికి. తెప్పకి పడమటి అంచున ఆయన, తూర్పు అంచున నేను నిలబడి గొట్టం రెండు కొసలూ నిలువుగా పట్టుకున్నాం. గొట్టంలో నీరు రెండు చోట్లా ఒకే ఎత్తులో నిలవాలి. ఆ ఎత్తు నుంచి నేల ఎంత కిందుందో కొలిస్తే చాలు. మొదటి కొలత అర్థంపర్థం లేకుండా వచ్చింది. చూస్తే మధ్యలో గాలిబుడగ ఉంది. గొట్టాన్ని తట్టి తట్టి దాన్ని బయటికి పంపి మళ్ళీ కొలిచాం. ఈసారి స్పష్టంగా తేలింది. తూర్పు అంచు పడమటి అంచు కంటే మూరెడు కిందికి ఉంది.

మూడు సెన్సర్లు అబద్ధం చెప్పాయా?

మూడు ఉన్నాయి కదా అన్న ధైర్యం ఎంత గుడ్డిదో అప్పుడు తెలిసింది. ఒకటి పాడైతే మిగతా రెండూ పట్టిస్తాయని మూడు పెడతాం. కానీ మూడింట్లోనూ నడిచేది ఒకే ప్రోగ్రాం. అది తప్పితే మూడూ కలిసే తప్పుతాయి.

స్టోరులోంచి ఒక విడి సెన్సర్ తెచ్చాను. అదే ప్రోగ్రాం ఎక్కించి, ఇంట్లో నా పనిబల్ల మీద చెక్కకి బిగించి, చెక్క కింద ఒకవైపు ఇటుక పెట్టాను. వెంటనే ఒంపు చూపించింది. లెక్క కూడా సరిపోయింది. సెన్సర్ బాగానే ఉంది! అలాగే వదిలేశాను.

సాయంత్రం రేడియోలో చెప్పారు, సముద్రంలో వాయుగుండం బలపడుతోందట. శనివారానికి మన వైపు రావచ్చట.

బుధవారం. మబ్బు పట్టింది.

పొద్దున లేస్తూనే బల్ల దగ్గరికి వెళ్ళాను. సెన్సర్ దాదాపు సున్నా చూపిస్తోంది.

"ఏవండీ, ఈ బల్ల తుడిచారా?"

"నీ బల్ల జోలికి నేనెందుకు వస్తాను? కిందటిసారి తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి."

ఇటుక పెట్టినచోటే ఉంది. చెక్క కదల్లేదు. ఒంపు అలాగే ఉంది. సెన్సరే ఆ ఒంపుని మరిచిపోతోంది. ఎక్కువసేపు ఒరిగి ఉంటే అదే సమం అనుకుంటోంది.

సంతోషంతో అరిచాను. ఊరు ఒరిగిపోతోందని తెలిసి సంతోషమేమిటని ఎవరైనా అడగొచ్చు. ఏం జరుగుతోందో తెలియకపోవడం కంటే భయమైనది నాకింకోటి లేదు. ఎందుకో తెలిస్తే సగం బరువు దిగుతుంది.

పంపు గదికి వెళ్ళి లేఖరిని అడిగాను. "సెన్సర్ పాత ఒంపుని సున్నాగా ఎందుకు లెక్కిస్తోంది?"

అది దాచదు. అడిగితే చెబుతుంది. అడిగేవాళ్ళే ఉండరు. "పంపుల మోత తగ్గించమన్నారు," అంది. "తెప్ప ఒరిగినప్పుడల్లా పంపులు నడుస్తున్నాయి. నిలకడగా ఉన్న ఒంపుని సమంగా లెక్కిస్తే పంపులు నడవాల్సిన పని తగ్గుతుంది. మోత చాలావరకు తగ్గింది."

"ఎవరడిగారు?"

"ఇళ్ళ తెప్ప నివాసులు. లంక ప్రెసిడెంటు ఆమోదించారు."

అప్పటికి ఈ లంకకి ఇంకా చదువరిని వేయలేదు. నేను వచ్చింది ఆ తర్వాత. వచ్చాక పంపులు నడిపే భాగం చదివాను కానీ, సెన్సర్ల లోపలిది నమ్మేశాను. అడిగినవాళ్ళదీ తప్పు కాదు, పంపుల మోతకి పసిపిల్లలు లేచి ఏడ్చేవాళ్ళట. లేఖరిదీ తప్పని అనలేను. మోత తగ్గించమన్నారు, తగ్గించింది. తెప్ప సమంగానే ఉండాలని ఎవరూ విడిగా చెప్పలేదు. అది చెప్పాల్సిన మాటే కాదని అందరూ అనుకున్నారు.

ఇక బరువు సంగతి. పొద్దుటెండ బాగా తగులుతుందని ఇంటింటివాళ్ళూ తూర్పు అంచునే మట్టి పోసి పెరళ్ళు వేసుకున్నారు. టమాటాలు, బెండ, అరటి. ఏటేటా మట్టి పెరిగింది. పంపులు నిశ్శబ్దంగా ఉన్నాయి. తెప్ప నెమ్మదిగా ఒరిగింది.

మధ్యాహ్నం నేనూ జుబేదా ప్రెసిడెంటు జోగారావు గారి ఇంట్లో కూర్చున్నాం. జోగారావు గారిది భారీ శరీరం, అంతకంటే భారీ గొంతు. నేను చెప్పిందంతా విని నుదురు రుద్దుకున్నారు.

"ఆమోదించింది నేనే. నిజమే. అప్పుడు అందరూ నా మీద పడ్డారు, నిద్రల్లేవని." కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "సరే, అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడు మొత్తం ప్రోగ్రాం కొత్తగా రాయించేద్దాం. లేఖరికి గంట పని. తుఫాను వచ్చేలోపల కొత్తది పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది."

"వద్దండీ."

"ఎందుకొద్దు?"

"పాతదాంట్లో ఒక తప్పుంది, ఎక్కడుందో తెలుసు. కొత్తదాంట్లో ఎన్నున్నాయో, ఎక్కడున్నాయో తెలీదు. ఈ పాత ప్రోగ్రాం ఇన్ని తుఫాన్లు చూసింది. అలలకి ఊగినప్పుడు కంగారుపడకూడదని దానికి తెలుసు. ఆ ఒక్క మతిమరుపు తీసేస్తే చాలు."

"అయితే తీసెయ్యండి. ఇప్పుడే తీసెయ్యండి."

"ఒక్కసారి తీస్తే పంపులన్నిటికీ మూరెడు ఒంపు ఒకేసారి కనపడుతుంది. అన్నీ కలిసి పూర్తి జోరుమీద తోడతాయి. తెప్ప ఒక్క ఊపులో లేస్తుంది. ఆసుపత్రి కీలు తట్టుకోదు."

జుబేదా అందుకుంది. "నా దగ్గర నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు నలుగురున్నారు. వెచ్చటి పెట్టెల్లో ఉన్నారు. కరెంటు పోతే..."

"అందుకే కొంచెం కొంచెంగా లేపుదాం," అన్నాను. "వేలెడు లేపడం, ఆగడం, కీలు చూడటం. బాగుంటే ఇంకో వేలెడు. ఈలోగా తూర్పు మట్టి మధ్యకి మోయాలి."

"పెరళ్ళు తవ్వమంటే జనం నన్ను తవ్వుతారు," అన్నారు జోగారావు గారు. కానీ లేచి చెప్పులేసుకున్నారు.

గురువారం. మబ్బు, చిన్న జల్లు.

జనం నిజంగానే తిరగబడ్డారు. టమాటాలు కాపు మీదున్నాయని ఒకరు, అరటి గెల వేసిందని ఒకరు. జోగారావు గారు మైకులో ఎంత అరిచినా ఎవరూ కదల్లేదు. అప్పుడు మా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడకుండా పార తీసుకుని మా గోంగూర మడిలో దిగారు. ఆ గోంగూరంటే ఆయనకి ప్రాణం. గంపకెత్తి, తెప్ప మధ్యకి మోసుకెళ్ళి దించి వచ్చారు. రెండో గంప ఎత్తుతుంటే పక్కింటావిడ అడిగింది, "అన్నయ్యగారూ, అంత అవసరమా?"

"మీరే చూసుకోండి," అని ఆమె చేతికి గొట్టం కొస ఇచ్చారు. ఎర్రనీళ్ళు ఎక్కడ నిలిచాయో, నేల ఎక్కడుందో ఆమె చూసింది. ఎవరి మాటా వినాల్సిన పని లేకపోయింది. ఆమె తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు వచ్చి చూశారు. మధ్యాహ్నానికి గంపల బారు తయారైంది.

నేను ప్రోగ్రాంలో మతిమరుపు భాగం ఆపేశాను. సమం అంటే ఏదో ఇకనుంచి నేను చెప్పిందే అది నమ్ముతుంది. మొదట ఇప్పుడున్న ఒంపునే సమమని చెప్పి, అందులోంచి వేలెడు తగ్గించాను. చాలాకాలం తర్వాత పంపులు గట్టిగా మోగాయి. కీలు దగ్గర నిలబడ్డ జుబేదా వాకీటాకీలో, "బాగుంది" అంది. ఇంకో వేలెడు. "బాగుంది."

ప్రతి మెట్టుకీ ముందు వెనక్కి వచ్చే దారి ఉందో లేదో చూసుకున్నాను. ఇంట్లో రేడియోలు విప్పి బిగిస్తూ నేర్చుకున్న అలవాటు ఇది. విప్పే ప్రతి మరనీ విప్పిన వరసలోనే పెట్టుకుంటాను.

శుక్రవారం. గాలి మొదలైంది.

పొద్దున సగం ఒంపు తీరింది. ఆ తర్వాతి మెట్టులో కీలు కిర్రుమని మూలిగింది. ఆ చప్పుడు పంపు గది దాకా వినిపించింది.

"అక్కా, ఆపు!" జుబేదా అరిచింది.

ఒక మెట్టు వెనక్కి వచ్చాను. మూలుగు ఆగింది.

పడమటి తొట్లలో ఒకటి నిండటం లేదు. పక్కవి నిండుతున్నాయి. దాంతో తెప్ప లేవడానికి బదులు మెలితిరిగింది. ఆ తొట్టిలోకి నీరు వదిలే తలుపుని ప్రోగ్రాం తెరవమంటోంది, అది తెరుచుకోవడం లేదు. అడుగున ఆల్చిప్పలు పట్టేసి ఉంటాయి. ఎవరో ఒకరు నీళ్ళలోకి దిగాలి.

"నేను దిగుతాను," అన్నారు జోగారావు గారు.

మేమందరం ఆయన పొట్టవైపు చూశాం.

"ఏం చూస్తారు? ప్రెసిడెంటు కాకముందు ఇరవయ్యేళ్ళు ఇదే పని చేశాను."

నడుముకి తాడు కట్టుకుని దిగారు. తాడు రెండో కొస ప్రభుదాసు, మరో నలుగురు పట్టుకున్నారు. రెండుసార్లు పైకి వచ్చి గాలి పీల్చుకుని మళ్ళీ మునిగారు. మూడోసారి చాలాసేపు రాలేదు. ప్రభుదాసు తాడు లాగబోతుంటే పైకి తేలారు, చేతిలో పిడికెడు ఆల్చిప్పలతో. ముంజేతులు గీరుకుపోయి రక్తం కారుతోంది.

"ఇప్పుడు తెరవమను నీ ప్రోగ్రాంని," అన్నారు రొప్పుతూ.

తెరుచుకుంది. తొట్టి నిండింది. ఆపిన మెట్టు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. సాయంత్రానికి బెత్తెడు మాత్రమే మిగిలింది. అప్పటికి అలలు తూర్పు అంచు మీద చిమ్ముతున్నాయి.

"ఇంకాస్తే కదా, పూర్తి చేసేద్దాం," అన్నారు జోగారావు గారు కట్లు కట్టించుకుని వచ్చి.

నాకూ అలాగే అనిపించింది. ఎర్రనీళ్ళు రెండు కొసల్లోనూ ఒకే ఎత్తున నిలవడం చూడాలని మహా ఆశగా ఉంది. కానీ గాలి వచ్చాక కొలత నిలవదు. ఏది అలో, ఏది ఒంపో తెలీదు. తెలియకుండా చెయ్యి పెట్టకూడదు.

"ఇక్కడితో ఆపుదామండీ. బెత్తెడు ఒంపుతో తెప్ప తట్టుకుంటుంది."

ఆయన నన్ను చూసి తలూపారు. "మీరెలా అంటే అలా."

శనివారం. తుఫాను.

పొద్దుటికే ఆకాశం సాయంత్రంలా ఉంది. అందరినీ తెప్ప మధ్యలో ఉన్న బడి హాల్లోకి చేర్చాం. నేనూ జోగారావు గారూ పంపు గదిలో ఉన్నాం.

గాలి వచ్చినప్పుడు నాకు పనేమీ లేదు. చదివిన ప్రోగ్రాం నడుస్తుంటే చూస్తూ కూర్చోవడమే. అంత కష్టమైన పని ఇంతవరకు చేయలేదు. ప్రతి పెద్ద అలకీ నా వేళ్ళు మీటల వైపు పోయేవి. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాను. తెప్ప ఊగితే పంపులు ఊరుకున్నాయి. నిజంగా ఒరిగితే కదిలాయి. ఊగడానికీ ఒరగడానికీ తేడా ప్రోగ్రాంకి తెలుస్తోంది.

మధ్యాహ్నమయ్యేసరికి ఒక అల తూర్పు అంచు దాటి లోపలికి వచ్చింది. నిన్నటిదాకా పెరళ్ళున్న చోటంతా తెల్లటి నురగ కమ్మింది. ఇళ్ళ గడపల దాకా వచ్చి ఆగింది. వెనక్కి పోయింది. అంచు మూరెడు కిందికి ఉంటే ఆ నీరు ఎక్కడిదాకా వచ్చేదో మేమిద్దరం పైకి అనలేదు.

తర్వాత గది అదిరిపోయేంత చప్పుడు. కీలు వైపు నుంచే వచ్చింది. వాకీటాకీ తీశాను.

"జుబేదా!"

గరగర తప్ప ఏమీ లేదు.

"జుబేదా, వినపడుతోందా?"

జోగారావు గారు నా పక్కకి వచ్చి నిలబడ్డారు. ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది.

"...అక్కా." గొంతు సన్నగా వచ్చింది. "వంతెన మీది రేకు ఎగిరిపోయింది. కీలు బాగానే ఉంది. ఇప్పుడే చూసొచ్చాను. లైట్లు వెలుగుతున్నాయి. పిల్లలు నలుగురూ నిద్రపోతున్నారు."

వాకీటాకీ బల్ల మీద పెట్టేశాను. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. జోగారావు గారు తువ్వాలు ఇచ్చి కిటికీ వైపు తిరిగారు. ఆయన భుజాలు కూడా కదులుతున్నాయి.

సాయంత్రానికి గాలి దిక్కు మారింది. కాసేపటికి అసలు తగ్గిపోయింది.

ఆదివారం. నిర్మలంగా ఉంది.

పొద్దెక్కేదాకా నిద్రపోయాను. ఎవరూ లేపలేదు. లేచి బయటికి వస్తే సముద్రం ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. జనం తడిసిన పరుపులు ఆరబెట్టుకుంటున్నారు. వంతెన మీది రేకు, రెండు పడవలు, బడి గంట పోయాయి. మనుషుల్లో ఒక్కరూ పోలేదు. అందరూ ఉన్నారు. ఆ మాట రాస్తుంటే ఒళ్ళంతా వదులైపోతోంది.

మిగిలిన బెత్తెడూ నెమ్మదిగా తీసేశాం. ఎవరికీ తొందర లేదు.

తర్వాతి ఆదివారం. చల్లగా ఉంది.

వారం మధ్యలో జోగారావు గారు ఇంటికి వచ్చారు. చేతుల కట్లు విప్పేశారు. కాఫీ తాగుతూ కాసేపు ఏవేవో మాట్లాడి, చివరికి అసలు సంగతి చెప్పారు.

"సలోమి గారూ, లేఖరి రాసింది చదవడం నాకు నేర్పుతారా? ఈ వయసులో వస్తుందా?"

"వస్తుందండీ. రాయడం కష్టం కానీ చదవడం వస్తుంది."

"మరీ కష్టమైనవి అక్కర్లేదు. రేపు ఎవరైనా వచ్చి ఇది ఆమోదించమంటే, ఏం ఆమోదిస్తున్నానో తెలియాలి. అంతే."

ఒక్కరి కోసమని ఇవాళ ప్రార్థన అయ్యాక బడి హాలు తెరిచి ఉంచాను. కుర్చీలు చాలలేదు. జుబేదా నేల మీద కూర్చుంది. పక్కింటావిడ వచ్చింది. మా ఆయన వంట ఎగ్గొట్టి వచ్చి వెనక నిలబడ్డారు.

మొదటి పాఠానికి వీధిదీపాల ప్రోగ్రాం తీసుకున్నాను, పది వరసలు కూడా లేదు. గోడ మీద పెద్దగా వేసి చూపించి, ఇది ఏం చేస్తుందో చెప్పమన్నాను. జోగారావు గారు లేచి, వర్షం పడితే దీపాలు వెలిగిస్తుందన్నారు. అది వర్షం కాదు, వెలుతురు. అందరూ నవ్వారు, ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు. ఒక్కో వరసా నెమ్మదిగా చదివాం. ఆరో వరస దగ్గర పక్కింటావిడ చెయ్యెత్తింది.

"తెల్లారకముందే ఆర్పెయ్యమని ఉంది కదండీ ఇక్కడ. మా వాళ్ళు వేటకి పడవలు ఎక్కేది ఆ చీకట్లోనే. ఎవరడిగారిలా చెయ్యమని?"

అందరూ ఆ వరస వైపు చూశారు. ఆ వరసని నేనింతవరకు చదవలేదు. వీధిదీపాలేగా అని నమ్మేశాను.

"నాకు తెలీదు," అన్నాను. "రండి, అడుగుదాం."

కుర్చీలు జరిగాయి. అందరూ లేచి లేఖరి తెర చుట్టూ చేరారు. నాకు ముందుకు వెళ్ళడానికి చోటు లేకపోయింది. నేను వెనకే, మా ఆయన పక్కన నిలబడ్డాను.